వీపు లేని కోట్లు

పోర్ట్ బ్లెయిర్‌లో మా గాజుల దుకాణం పక్కన ఫొటో స్టూడియో నడిపిన బాబాయి మొన్న మంగళవారం పోయారు. పొద్దున టీ తాగి, కప్పు కడిగి బోర్లించి, కుర్చీలో అలాగే కళ్లు మూశారని వాళ్లమ్మాయి ఫోన్‌లో చెప్పింది. వరసకి ఆయన నాకు బాబాయి కారు. ఇన్నేళ్లు గోడకవతల ఉన్న మనిషిని ఇంకేమని పిలుస్తాం?

స్టూడియోలో అద్దం పక్కన మూడు కోట్లు వేలాడేవి. పెళ్లికొడుకులకు నల్లది, ఆఫీసు కాగితాలకు బూడిదరంగుది, పుట్టినరోజు పిల్లలకు ఎర్రది. మా ఉక్కపోతలో సొంతంగా కోటు కుట్టించుకునేవాళ్లెవరు? లావువాళ్లకూ బక్కవాళ్లకూ పట్టేలా మూడింటికీ వీపు నిలువునా కత్తిరించి నాడాలు కుట్టించారు. కింద లుంగీ, పైన కోటు, మొహాన దొరతనం. నేను నవ్వితే, "కోటు చూసేవాళ్ల కోసమమ్మా. తొడుక్కున్నవాడికి వెనక గాలి తగలాలి కదా" అనేవారు.

సునామీకి మా వీధి ఎత్తు మీద ఉండి బతికిపోయింది. తర్వాత శిబిరాల నుంచి జనం కొత్త కార్డులకు ఫొటోల కోసం వచ్చేవారు. బాబాయి కోట్లు తీసి లోపల పెట్టేశారు. ఎందుకని అడిగితే, వాళ్లనిప్పుడు వాళ్లలాగే ఉండనివ్వాలన్నారు.

అప్పుడే వచ్చింది ఒకావిడ. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి చేపల వేటతో బతికే కుటుంబం. భర్తను అల తీసుకుపోయింది. ఇల్లూ పోయింది, ఫొటో ఒక్కటీ మిగల్లేదు. పిల్లలతో ప్రోతరాపూర్‌లో చుట్టాలింట తలదాచుకుంది. పడవ లైసెన్సు కోసం ఆయన ఒకసారి ఇక్కడే ఫొటో దిగాడని గుర్తొచ్చి వెతుక్కుంటూ వచ్చింది. బాబాయి పాత నెగిటివ్‌లన్నీ వెలుతురుకెత్తి చూసి, చివరికి పట్టుకున్నారు. పెద్దది చేసి ఆవిడ చేతికిచ్చారు. కోటులో బిగదీసుకుని కూర్చున్న మనిషి. ఆవిడ చూసి మళ్లీ ఆయన ముందు పెట్టింది.

"ఈయనెవరో ఆఫీసరు బాబునాగున్నాడు భయ్యా. కోటు తీసెయ్యండి. గుంటలు నాన్నని పోల్చుకోలేరు."

బాబాయి స్టూలు జరిపి ఆవిణ్ణి కూర్చోమన్నారు. ఫొటోలకు రంగులద్దే పెట్టె తెరిచారు.

"కోటు కింద ఏం తొడిగాడో ఫొటోలో లేదమ్మా. నువ్వే చెప్పాలి."

అంతదాకా పొడిపొడిగా మాట్లాడిన మనిషి చెప్పడం మొదలుపెట్టింది. నీలం గళ్ల చొక్కా. పై బొత్తాం ఎప్పుడూ పెట్టుకునేవాడు కాదు. మెడలో నల్లతాడు. వల మోసీ మోసీ ఎడమ భుజం కాస్త వాలి ఉండేది. చెబుతూ చెబుతూ ఏడ్చింది, మధ్యలో ఓసారి నవ్వింది కూడా. బాబాయి కుంచె ఆపలేదు. పోయినవాళ్ల సంగతి ఎత్తకూడదని అంతవరకు అనుకునేదాన్ని. ఎత్తాలని, ఓపిగ్గా వినాలని ఆయన పక్కన కూర్చునే నేర్చుకున్నాను.

సాయంత్రానికి కోటు పోయి చొక్కా వచ్చింది. ఆవిడ ఫొటో దగ్గరగా పెట్టుకుంది.

"కాలరు ఇక్కడ చిరిగుండీది. నాను కుడతానంటే ఇచ్చీవోడు కాడు."

బాబాయి కళ్లద్దాలు సర్దుకుని, సన్న కుంచెతో కాలరు అంచున చిన్న చిరుగు వేశారు.

రంగు ఆరలేదని ఆవిడ ఫొటోకి కాగితం చుట్టనివ్వలేదు. నేను ఎక్కించిన ప్రోతరాపూర్ బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒడిలో నిలబెట్టుకుంది. బస్సు కదిలాక కూడా, తల వంచి ఆ చిరుగు మీద మెల్లగా ఊదుతూ కనిపించింది.