అవ్వ చల్లిన పసుపునీళ్ళు

మా అవ్వ పోయి చాలా కాలమైంది. నేను ఆమె మీద పడనిచ్చిన నింద మాత్రం ఇంకా నా గుండెల మీదే కూర్చుని ఉంది. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను. ఒక మాట ముందే చెప్పేస్తాను. నేను చేసినవి రెండు పనులు. మొదటిదానికి సిగ్గుపడను. మీరు మొహం చిట్లించినా సరే, పడను. రెండోదాని కోసమే ఈ మాటలన్నీ.

అవ్వ అంటే మా ఆయన నాయనమ్మ. మాది ధర్మవరంలో మగ్గాల ఇల్లు. నేను హిందూపురం నుంచి కోడలిగా వచ్చాను. పెళ్ళికి ముందు కంప్యూటర్ డిప్లొమా చేశాను. ఆ చదువు చూసే చేసుకున్నారు, ఎందుకంటే చీరల డిజైన్లు అప్పటికే గళ్ళ కాగితం మీది నుంచి కంప్యూటర్‌లోకి వచ్చేశాయి. మా ఆయన మగ్గం మీద కూర్చుంటే నోట్లో మాట ఉండదు. బేరాలన్నీ ఆయన అన్న, మా బావ, చూసుకునేవాడు. అంచులు, కొంగులు, బుటాలు అన్నీ నేను ల్యాప్‌టాప్‌లో గీసేదాన్ని. బావ వాటిని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, తానే వేసినట్టు షావుకార్లకు చూపించేవాడు. నేను టీ గ్లాసులు పట్టుకొచ్చి, నేను గీసిన నెమళ్ళకు బావ పొందుతున్న మెప్పు విని, ఖాళీ గ్లాసులతో లోపలికి పోయేదాన్ని. ఒకసారి నోరు విప్పాను. ఇంటి పనికి పేరెందుకమ్మా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ఆ దసరాకు బెంగళూరు నుంచి ఒక పెద్ద షావుకారు వస్తున్నాడని తెలిసింది. విజయదశమి నాడు మాట ఖాయమైతే ఇక ఆయన చీరలన్నిటికీ డిజైన్లు మా ఇంటివే. అంటే బావవి.

ముందురోజు ఆయుధపూజ. మా ఇళ్ళల్లో ఆ రోజు పని ఆపేసి, మగ్గాలు కడిగి బొట్లు పెడతాం. మనకు అన్నం పెట్టే వస్తువు ఏదైనా ఆ రోజు దేవుడే. కత్తెరలు, మోటార్‌సైకిలు, వాటి పక్కన ల్యాప్‌టాప్. ఆ పూజ అవ్వ చేసేది. భర్త పోయిన ఆడమనిషి పూజ చేయడమేమిటని వీధిలో గొణుగుడు ఉండేది. తాత పోయాక ఇల్లు నిలబడింది ఆమె నేసిన చీరల వల్లే కాబట్టి ఎవరూ గట్టిగా అనలేకపోయారు. మిగతా ఏ శుభకార్యంలోనూ ఆమె ముందుకు వచ్చేది కాదు. ఏడాదికి ఆ ఒక్క రోజే ఆమెది.

ఆ పొద్దున అందరూ మగ్గాలు కడిగే సందడిలో ఉంటే నేను ల్యాప్‌టాప్ అడుగు మూత విప్పి ర్యామ్ తీసేశాను. వేలెడంత పచ్చ ముక్క. అది లేకపోతే లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. దాన్ని దారం చుట్టే నా కండెల డబ్బాలో పట్టుపోగుల కింద దాచి, మూత బిగించి, ల్యాప్‌టాప్‌ను పూజలో పెట్టాను. షావుకారు కోసం కొత్తగా గీసినవి ఇంకా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కలేదు, తెర వెలగకపోతే బావ చేతిలో ఏమీ ఉండదు. అప్పుడు గీయగలిగినవాళ్ళే గీయాలి. నేను కోరుకున్నది అంతే.

అవ్వ అన్నిటికీ బొట్లు పెట్టింది. మామిడాకుతో పసుపునీళ్ళు చల్లుకుంటూ వచ్చి, ల్యాప్‌టాప్ తెరిచి దాని మీదా చల్లింది. నేను పక్కనే ఉన్నాను. చెయ్యి అడ్డం పెట్టొచ్చు. పెట్టలేదు. నేరం ఆమె మీదికి నెట్టొచ్చన్న ఆలోచన నాకు అప్పుడే తట్టిందా, తర్వాత తట్టిందా? ఎన్నిసార్లు అడుక్కున్నా తేలదు. అప్పుడే తట్టి ఉంటుంది.

సాయంత్రం బావ బటన్ నొక్కాడు. తెర వెలగలేదు. ప్లగ్గు మార్చాడు. పక్కింటి నుంచి ఇంకో ఛార్జర్ తెచ్చాడు. ఫోన్‌లో ఎవరో చెప్తే విని బటన్‌ను చాలాసేపు అదిమి పట్టుకున్నాడు. అప్పుడు అక్షరాల సందుల్లో పసుపు కనబడింది ఆయనకు. జుట్టు ఆరబెట్టే మిషన్ పెట్టాడు. చివరికి తీసుకుపోయి బియ్యం డ్రమ్ములో పాతిపెట్టాడు. మధ్యలో నన్ను పిలిస్తే నేనూ శ్రద్ధగా నొక్కి చూసి పెదవి విరిచాను. అక్షరాల సందుల్లో పసుపు కనబడింది ఆయనకు. ఇక ఇంట్లో అందరి చూపూ అవ్వ చేతుల మీదికే పోయింది.

మర్నాడు షావుకారు వచ్చాడు. ల్యాప్‌టాప్ పోతే పోనీ, వేసినవాడివి నువ్వే కదా, ఒకటి గీసి చూపించమన్నాడు. బావ ఏం గీస్తాడు? నేను టీ గ్లాసులు కింద పెట్టి గళ్ళ కాగితం ముందు కూర్చున్నాను. నెమలి మెడ వంపు సగం వచ్చేసరికే షావుకారు బావ వైపు చూడటం మానేశాడు. అప్పటి నుంచి ఆయన మాటా బేరమూ నాతోనే. ఈ రోజుకీ.

రిపేరుకని ల్యాప్‌టాప్‌ను నేనే హిందూపురం తీసుకుపోయాను. రైలు పెనుకొండ దాటేదాకా దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఒకటే ఆలోచన. తడి ఆరింది, బాగైంది అని చెబితే చాలు, అవ్వ తేరుకుంటుంది. కానీ అది బతికితే బావ పెన్‌డ్రైవ్ కూడా బతుకుతుంది కదా? పుట్టింట్లో భోంచేసి, దాన్ని విప్పనైనా విప్పకుండా తిరిగొచ్చాను. బోర్డు తడిసి కాలిపోయిందంట అని చెప్పాను.

ఆ సాయంత్రం గడప మీద కూర్చుని అవ్వ నన్ను పిలిచింది.

“ఏమ్మా, నేనే చెడగొట్టినానా దాన్ని?”

“తడి లోపలికి పోయిండాదేమోలే అవ్వా. నువ్వు కావాలని చేసినావా యేంది? బాధపడొద్దు.”

“ఈ చెయ్యి మంచిది కాదని అందురూ అంటానే ఉండ్రి. నేనే ఇనకపోతి.”

చూశారా, నా తప్పుకు నేను ఆమెను క్షమించాను. ఇంతకంటే నీచమైన మాట నా నోటి నుంచి ఇంకోటి రాలేదు.

మరుసటి దసరాకు పూజ పళ్ళెం ఇవ్వబోతే అవ్వ చేతులు వెనక్కి లాక్కుంది. గడప బయట గోడకు ఆనుకుని నిలబడింది. ఆ పళ్ళెం నా చేతికి వచ్చింది. పోయేదాకా ఆమె మళ్ళీ మగ్గాన్ని తాకలేదు.

దొంగపని అంటారా? నా గీతలను నేను దాచుకున్నాను. నిలదీసి అడగాల్సింది అంటారా? అడిగితే ఏమన్నాడో చెప్పాను కదా. ఆ పొద్దున మళ్ళీ వస్తే మళ్ళీ ఆ మూత విప్పుతాను. అందులో నాకు సందేహం లేదు. అవ్వ మామిడాకు ఎత్తినప్పుడు చెయ్యి అడ్డం పెడతానా అన్నదే సందేహం. పెడితే ల్యాప్‌టాప్ ఎందుకు పోయిందని అందరూ వెతికేవాళ్ళు, వెతికితే నేను దొరికిపోయేదాన్ని. పెడతానని మీకు చెప్పాలని ఉంది. చెప్పలేను.

అవ్వ కర్మ అయిపోయి చుట్టాలందరూ వెళ్ళాక, ఇంట్లో ఎవరూ లేనప్పుడు అటక మీది నుంచి ఆ ల్యాప్‌టాప్ దించాను. కండెల డబ్బాలోంచి ఆ పచ్చ ముక్క తీసి బిగించి, ఛార్జర్ పెట్టి బటన్ నొక్కాను. తెర వెలిగింది. నా నెమళ్ళన్నీ ఉన్నాయి. అక్షరాల సందుల్లో పసుపు ఎండిపోయి అలాగే ఉంది. తుడవడానికి మనసు రాలేదు. ఆపేసి మళ్ళీ అటక ఎక్కించాను.

అవ్వ చెయ్యి మంచిదే. ఈ ఒక్క మాట ఆమెకు చెప్పాల్సింది, ఆ గడప మీద కూర్చుని నన్ను అడిగినప్పుడే. ఇప్పుడు మీకు చెప్పాను.