డ్రాగన్ రైలు ముందు సీటు

జగిత్యాలకు ఎగ్జిబిషన్ వచ్చిందంటే భూమి బెత్తెడు కిందికి దిగుతుంది. జెయింట్ వీల్ బరువుకు కొంత, మిర్చీ బజ్జీలు తిన్నవాళ్ల బరువుకు కొంత. ఆ వీల్ పై అంచుకు వెళ్లినప్పుడు చూస్తే కొండగట్టు మీద హారతి ఇస్తున్న పూజారి వేలి ఉంగరం కూడా కనిపిస్తుందని నేను చాలామందికి చెప్పాను. ఎక్కి దిగిన వాళ్లలో ఒక్కరు కూడా అది అబద్ధమని అనలేదు. అనాలంటే పైన కళ్లు తెరిచి ఉండాలి కదా.

మా ముఠాకు మాత్రం జెయింట్ వీల్ లెక్కలోది కాదు. అది పెళ్లికొడుకు ఊరేగింపులా మెల్లగా పోతుంది. మాది డ్రాగన్ పార్టీ. ఎగుడుదిగుడు పట్టాల మీద గింగిరాలు తిరిగే చిన్న రైలు అది. ముందు పెట్టెకు పచ్చటి డ్రాగన్ తల, చాపంత ఎర్ర నాలుక. పట్నం పార్కుల్లో ఉండే రోలర్ కోస్టర్‌కు మేనల్లుడి వరస అనుకోండి. మేనమామ ఒక్కచోట కదలకుండా ఉంటాడు. ఈ మేనల్లుడు లారీల్లో ముక్కలు ముక్కలుగా ప్రయాణం చేసి, ఊరూరా మళ్లీ ఒళ్లు అతికించుకుంటాడు. జగిత్యాల అయ్యాక కోరుట్ల, కోరుట్ల అయ్యాక సిరిసిల్ల. కొందరు చలికాలంలో జాతరలు తిరుగుతారు. మేము డ్రాగన్ వెనకాల తిరుగుతాం.

ముఠా అంటే నలుగురం. నేను ఒకణ్ణి. రెండో ఆయన కోరుట్లలో వెల్డింగ్ షాపు ఉన్న భాయ్, నా చిన్ననాటి క్లాస్‌మేట్. ఇనుము ఎక్కడ కనిపించినా ముందు దాని అతుకులు చూస్తాడు. పెళ్లిచూపులకు పోయి పిల్లను వదిలేసి వాళ్లింటి గేటును చూసి వచ్చాడని నేనే పుకారు పుట్టించాను. ఇప్పుడు ఆయన భార్య కూడా దాన్ని నమ్ముతోంది. మూడో ఆయన సిరిసిల్ల బావ, అంటే మా వదిన తమ్ముడు. పవర్‌లూమ్‌లను వాళ్ల ఊళ్లో సాంచాలంటారు. ఆ సాంచాల చప్పుడులోనే పుట్టి పెరిగాడు కాబట్టి బావ చెవిలో రహస్యం చెబితే మేడిపల్లి దాకా వినబడుతుంది.

నాలుగో మనిషి మా వదిన. అసలు పార్టీ అధ్యక్షురాలు ఆమే. మా అన్న మస్కట్‌లో ఉంటాడు. మల్యాల దగ్గరి పొలం, పిల్లల చదువులు, మా అమ్మ షుగరు మందులు, బర్రెలు, నా పనికిరాని సలహాలు, అన్నీ వదిన నెత్తి మీదే. డ్రాగన్‌లో ఆమెది ముందు సీటు. డ్రాగన్ తలకాయకు సరిగ్గా వెనక. అందులో ఇంకొకరు కూర్చుంటే బస్సులో కర్చీఫ్ వేసిన సీటు పోయినట్టు చూస్తుంది. రైలు దూకినప్పుడు వెనకాల మేమంతా కులదైవాలను పేరుపేరునా పిలుస్తుంటే, ఆమె మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని కిక్కురుమనకుండా కూర్చుంటుంది. భయం లేనప్పుడు ఎందుకు ఎక్కుతావని ఒకసారి అడిగాను.

"ఇంట్ల అందర్ని నేను మోస్త. ఏడాదికి ఓపారి నన్ను గూడ ఎవలన్న మొయ్యాలె గద మరిది," అంది.

ఈ ఏడు జగిత్యాలలో అంతా మామూలుగానే గడిచింది. కోరుట్లలోనే వచ్చాయి తిప్పలు. టికెట్లు తీసుకుని వెళ్లేసరికి డ్రాగన్ గేటుకు పచ్చ రేకు మీద నల్ల రంగుతో కొత్త బోర్డు వేలాడుతోంది. అక్షరాలు ఎంత పెద్దవంటే మెట్‌పల్లి నుంచి వచ్చే బస్సులోని వాళ్లు కూడా చదువుకోవచ్చు. చీరలు, చున్నీలతో వచ్చినవారిని డ్రాగన్ ఎక్కనివ్వం అని. లోపల చూస్తే పట్టాల మీద మేము గుట్టలని పిలిచే మూడు ఎత్తుల్లో మూడోది కూడా మాయమైంది. సీట్లకు కొత్తగా నడుం మీదికి దిగే ఇనుప కడ్డీలు వచ్చాయి.

వదిన బోర్డు చదివింది. ఇంకోసారి చదివింది. టికెట్టు మడిచి నడుములో దోపుకుంది.

మేము మాత్రం బజ్జీల బండి దగ్గర అసెంబ్లీ పెట్టాం.

"గుట్ట తీసేసిండ్రు!" అని బావ గర్జించాడు. పక్క బండి మీది పుట్నాలు ఎగిరిపడ్డాయి. "డ్రాగన్ నడుము ఇరగ్గొట్టిండ్రు. గిదేం డ్రాగన్? గిది వానపాము."

"అరె యార్, గీడ జాగ సన్నగుంది గద," అన్నాడు భాయ్, బజ్జీ ఊదుకుంటూ. "జాగ లేని కాడ గుట్ట పెడితే మలుపుల చక్రం లేస్తది. తీసేసుడే మంచిగైంది. గా కడ్డీలు చూసినవా? వెల్డింగ్ ఎంత సాఫుగున్నదో."

"నీకు వెల్డింగ్ సాఫుగుంటే నరకం గూడ మంచిగనే ఉంటది."

"నరకంల గూడ కడాయి లీక్ గావద్దు గద భాయ్."

నాకు గుట్ట కన్నా బోర్డు మీద కోపం. అక్కడే ఒక ఉపన్యాసం ఇచ్చాను. చీర కట్టిన ఆడవాళ్లు నాట్లు వేయకపోతే ఈ మేనేజరు ఏం తింటాడు, చీరలు నేసే సిరిసిల్లకు ఈ రైలు ఏ ముఖం పెట్టుకుని పోతుంది, అంటూ సాగింది. కడాయిలో నూనె కూడా మరగడం ఆపి విన్నదని నా నమ్మకం. గ్యాస్ అయిపోయిందని బండివాడి వాదన.

"అక్కా, నువ్వు ఊ అను," అన్నాడు బావ. "నేను పోయి గా బోర్డు పీకేస్త."

"పీకకు. రూలు సరిగ్గనే ఉంది," అంది వదిన.

నేను కొరకబోయిన బజ్జీని మళ్లీ పొట్లంలో పెట్టేశాను.

"మన ఇంటి పక్కన సాంచా బెల్టుల కొంగు వడ్డామె యాదికున్నదా నీకు?" అని తమ్ముణ్ణి అడిగింది. "కొంగెంత గుంజుకపోయింది? ఎవలో కరెంటు బంద్ చేసిండ్రు గాబట్టి మనిషి దక్కింది. నేను గాడనే ఉన్న. గా చప్పుడు నాకింకా చెవులల్ల ఉన్నది. గీ రైలుకు గూడ కింద చక్రాలే గద."

బావ మొదటిసారి మామూలు మనుషుల గొంతుతో మాట్లాడాడు. "మరి నువ్వెట్ల ఎక్కుతవక్కా?"

"ఎక్క."

"పోనీ డ్రెస్సు ఏస్కో. ఇప్పుడందరు ఏస్కుంటుండ్రు."

"నన్ను డ్రెస్సుల చూస్తే బర్రె పాలియ్యది."

నవ్వాం కానీ, ఎవరి నవ్వూ పూర్తిగా రాలేదు. మేం ముగ్గురం ఎక్కాం. వదిన కంచె పక్కన నిలబడి మా ఫోన్లు, చెప్పులు, భాయ్ కళ్లద్దాలు పట్టుకుంది. ముందు సీటులో ఎవరో పెద్దమనిషి కూర్చుని, బండి కదలకముందే కళ్లు మూసుకున్నాడు. తిరిగిన ప్రతిసారీ నాకు రెండు చేతుల నిండా చెప్పులతో మా వదిన కనిపిస్తూనే ఉంది. గుట్ట తీసేశారని గొడవ చేసిన మేము, ఉన్న రెండు గుట్టలు ఎప్పుడు అయిపోతాయా అని చూశాం. తిరుగు బస్సులో ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. వేరుశనక్కాయల పొట్లం ఇస్తే వద్దంది. మా వదిన వేరుశనక్కాయలు వద్దనడం నేను పుట్టాక అదే మొదలు.

తర్వాత యాసంగి నాట్లు, అంటే రెండో పంటవి, మొదలయ్యాయి. ఒక పొద్దున నేను పొలానికి చాయ్ పట్టుకుని పోయాను. నేను వ్యవసాయానికి చేసే మొత్తం సేవ అదే; నడవలేక గట్టు మీద మూడుసార్లు జారాను, కాబట్టి పంటలో నాకూ వాటా ఉంది. మడిలో ఆడవాళ్లంతా వరుసగా వంగి నాటేస్తున్నారు. మా దిక్కు నాటేసేటప్పుడు చీర కుచ్చిళ్లు వెనక్కి తీసి గోచిలా దోపుతారు. మీద మొగుడి ఫుల్ షర్టు తొడుక్కుంటారు. కొంగు లోపలే ఉంటుంది. బురద అంటదు, ఎండ కొట్టదు, వంగితే జారేదీ ఉండదు. వదిన వేసుకున్నది మా అన్న మస్కట్ నుంచి తెచ్చిన పాత డ్యూటీ షర్టు. ముదురు నీలం, ఛాతీ మీద, చేతుల మీద వెలుగు పడితే మెరిసే పట్టీలు. ఎంత మందం గుడ్డంటే చలికి దోమ కూడా అందులో దూరి బతుకుతుంది.

చాయ్ కోసమని వదిన నడుం ఎత్తి నిలబడింది. చెయ్యి కడుక్కుని, మెడ దగ్గరి గుండీ నుంచి మోకాళ్ల దాకా తనను తాను చూసుకుంది, టైలరు గిరాకీని చూసినట్టు. కొంగు కోసం భుజం తడుముకుంది. దొరకలేదు.

"మరిదీ, డ్రాగన్ సిరిసిల్లల ఉన్నదా, పోయిందా?" అంది.

సిరిసిల్లకు మేం దిగిన సాయంత్రం బావ, భాయ్ ఎగ్జిబిషన్ గేటు దగ్గరే కలిశారు. వదిన చేతిలో సంచి. టికెట్ల బూత్ వెనక్కి పోయి వచ్చేసరికి అన్న షర్టు మెడ దాకా గుండీలు పెట్టుకుని, గోచి బిగించి, నాటుకు పోయే మనిషిలా నిలబడింది. రంగురంగుల లైట్లు పడి పట్టీలు మెరిసిపోతున్నాయి. ఎవరో ఒకాయన తనిఖీకి వచ్చిన ఆఫీసరమ్మ అనుకుని దగ్గరికొచ్చి, "మేడం, జెయింట్ వీల్ గట్టిగున్నదా?" అని అడిగి, జవాబు కోసం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

డ్రాగన్ గేటు దగ్గర మేనేజరు బోర్డు చూపించాడు. "అమ్మా, చీరలకు లేదు."

"బోర్డు సదివిన. మంచి బోర్డే," అంది వదిన. "కొంగు చక్రాల వడుతదని గద. నా కొంగు ఏదో చూపియ్యి."

ఆయన ముందుకొచ్చి చూశాడు. వెనక్కి పోయి చూశాడు. ఆమె చేతులు పైకెత్తింది, వంగింది, కూర్చుని లేచింది. ఎక్కడా గుడ్డ కదలలేదు. బావ నోరు తెరవబోతే వదిన కళ్లతోనే మూయించింది. ఇక్కడ మాట్లాడాల్సింది ఆమే.

"చీర చీరే గదమ్మా," అని ఆయన గొణిగాడు. "నాకు గూడ పైన సేట్ ఉంటడు. ఏమన్నయితే?"

"ఏమన్న గావద్దనే గద గిట్ల అచ్చిన. కడ్డీ నువ్వే బిగియ్యి. నీకు డౌటుంటే దిగిపోత, మల్ల అడుగ."

భాయ్ కింద కూర్చుని ముందు పెట్టెను, చక్రాలను, సీటు అంచులను తీరిగ్గా చూశాడు. "పట్టుకునేటందుకు ఏం లేదు సాబ్," అన్నాడు మేనేజరుతో. "నీ ప్యాంటు కంటె భాభీ కట్టు గట్టిగుంది."

మేనేజరు కిందికి చూసుకుని ప్యాంటు పైకి లాక్కున్నాడు. స్విచ్ దగ్గరి మనిషి చెవిలో ఏదో చెప్పి వచ్చాడు. ఆ కాస్త సేపు నాకు మా పదో తరగతి ఫలితాల ఎదురుచూపు కంటే పొడుగ్గా అనిపించింది. చివరికి గేటు గొలుసు తీశాడు. కడ్డీ తనే దించి, చెయ్యి పెట్టి లాగి చూసి, "మెల్లగ తిప్పురా ఫస్టు," అని కేకేశాడు.

"మెల్లగెందుకు?" అంది ముందు సీటులోంచి వదిన.

సిరిసిల్ల మైదానం వెడల్పైంది. మూడో గుట్ట మళ్లీ వచ్చింది. వెనక పెట్టెలో మేము ముగ్గురం మా దేవుళ్లందర్నీ పనిలో పెట్టాం. బావ కేకకు ఊళ్లో సాంచాలు ఆగి ఉంటాయి. ముందు మాత్రం నీలం షర్టు భుజాలు కదలకుండా, మెరుస్తూ, పైకి పోతూ కిందికి దూకుతూ ఉన్నాయి.

దిగాక వదిన వెంట్రుకలు సర్దుకుంది. "మూడో గుట్ట తర్వాత మలుపుల జర కుదుపుతది," అంది భాయ్‌తో. "గా అతుకు చూపియ్యి వాళ్లకు."

భాయ్ వెంటనే మేనేజరును వెంటేసుకుని ఆ అతుకు వైపు పోయాడు. బిగించే దాకా రైలు ఆపేశారు. ఆలోగా గేటు దగ్గర చీరల గుంపు చేరింది. ఒకామె తన మొగుణ్ణి పక్కకు లాగింది.

"షర్టిప్పు."

"ఏందే? గీడనా?"

"మల్ల ఏడ? డ్రాగన్ మనింటికి అస్తదా?"

రైలు మళ్లీ కదిలేసరికి కంచె పొడుగునా మగవాళ్లు బనీన్ల మీద నిలబడి ఉన్నారు, ఒక చేతిలో పిల్లలు, ఒక చేతిలో పాప్‌కార్న్. చలి బాగానే ఉంది. వెంట మగమనిషి రాని ఒక పెద్దమ్మ నా దగ్గరికొచ్చి నా ఫుల్ షర్టును కింది నుంచి పై దాకా చూసింది. నా బనీను పరిస్థితి నాకు తెలుసు. దాని చిల్లుల్లోంచి వేములవాడ గోపురం చూడవచ్చు. అయినా గుండీలు విప్పాను.

వదిన అప్పటికే మళ్లీ లైన్లో నిలబడింది.