ఓబులమ్మతో మర్యం ఇంటికి

మస్కట్ ఎదిగిన కథ అడిగితే రోడ్లు వేసినవాళ్ల గురించీ మేడలు కట్టినవాళ్ల గురించీ చాలామంది చెబుతారు. ఆ మేడల్లో పిల్లల్ని పెంచినవాళ్ల కథలు కూడా రాయాలని నాకు కొన్నాళ్లుగా తాపత్రయం. మస్కట్లో ఘుబ్రా పేటలో మా వీధి చివర ఒక ఒమానీ కుటుంబం దగ్గర పనిచేసే ఓబులమ్మను ఎన్నిసార్లు అడిగినా "యాడుంది మా తీరిక" అని తప్పించుకునేది. ఆమెది మైదుకూరు దగ్గర పల్లె. వీసా క్యాన్సిల్ చేయించుకుని వచ్చేవారం ఇంటికి వెళ్లిపోతోందని తెలిసి మళ్లీ అడిగాను. "శుక్రవారం సహం ఊరికి పోతాండా, మర్యంను చూసేదానికి. నువ్వూ వస్తే దావలో చెప్తా. ఒగదాన్నే పోవాలంటే బయంగా ఉంది" అంది. ఇరవై ఏళ్లకు పైగా ఈ దేశంలో ఉన్న మనిషికి భయమేమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు.

పొద్దున్నే ఘుబ్రా నుంచి బుర్జ్ అల్ సహ్వా కూడలికి చేరాం. బాతినా తీరం వెంట ఉన్న ఊళ్లకు షేర్ టాక్సీలు అక్కడ దొరుకుతాయి. రూవి నుంచి బస్సు కూడా ఉంది కానీ, దాని వేళ దాకా ఓబులమ్మ ఆగేలా లేదు. సహానికి మనిషికి మూడు రియాళ్లు. డ్రైవర్ సలీం ఆ ఊరివాడే, హిందీ ధారాళంగా మాట్లాడతాడు. "ఔర్ ఏక్ సవారీ ఆయేగా, ఫిర్ చలేంగే" అని ఇంకొక మనిషి కోసం టాక్సీకి ఆనుకుని నిలబడ్డాడు. ఓబులమ్మ ఎక్కింది, దిగింది, రోడ్డు వైపు చూసింది, మళ్లీ ఎక్కింది. చివరికి "ఆ సీటు పైసల్ గూడా నేనే ఇస్తా, యల్లా భయ్యా, పోదాం" అంది. అతను నవ్వి బండి తీశాడు.

బర్కా దాటాక గానీ ఆమె నోరు విప్పలేదు. మూడేళ్ల కూతురు సుజాతను అక్క దగ్గర వదిలి వచ్చిందట. ఘుబ్రా ఇంట్లో అడుగుపెట్టేసరికి అక్కడ నెలల పసిపాప, మర్యం. తల్లి బడిలో టీచరు. పాపకు స్నానం, బువ్వ, నిద్ర అన్నీ ఓబులమ్మ చేతి మీదే. "వాళ్లమ్మను ఉమ్మీ అనేదానికన్నా ముందు బువ్వ అనింది మా. ఆయమ్మి నవ్వింది, నాకు మాత్రం సిగ్గయింది." ఆ మర్యం ఇప్పుడు సహంలో ఒక ఇంటి కోడలు. కాన్పుకు పుట్టింటికి వచ్చి, నలభై రోజులూ ఓబులమ్మ చేత అన్నీ చేయించుకుని వెళ్లింది. వెళ్లినప్పటి నుంచీ ఒకటే ఫోన్లు, తన దగ్గరే వచ్చి ఉండిపొమ్మని.

"మరి సుజాత?" అన్నాను.

"దానికి వచ్చే నెల్లో తొలికాన్పు. ఇన్నేండ్లల్లో ఏమీ అడిగిందిల్యా అది. మొన్న ఫోన్లో, కాన్పుకన్నా వస్తావా మా, అనింది." కిటికీ వైపు తిరిగింది. "ఊరికి పోతాండానని మర్యంకు ఫోన్లో చెప్పలేకపోయినా. ఎదురుగ్గా చెప్పల్ల."

సువైక్ దగ్గర కరక్ చాయ్ కోసం, చిక్కటి పాల టీ కోసం ఆగాం. ఓబులమ్మ కప్పు చేత్తో పట్టుకుందే గానీ తాగలేదు. "అమ్మా, తబియత్ ఠీక్ హై?" అని సలీం అడిగితే తలూపింది. ఖర్జూరం తోటలు, టైర్ల దుకాణాలు, మళ్లీ తోటలు. దారి తొందరగా అయిపోతుందేమోనని ఒకసారి, ఎంతకీ అవడం లేదని ఒకసారి నేనే ఊళ్ల పేర్ల బోర్డులు చూస్తూ కూర్చున్నాను.

బయలుదేరిన రెండు గంటలకు మర్యం ఇల్లు చేరాం. అత్తగారు కహ్వా కాఫీ, ఖర్జూరాలు ఇచ్చి గదిలోకి తీసుకెళ్లింది. ఒళ్లో బిడ్డతో మంచం మీదున్న మర్యం ఓబులమ్మ ఖాళీ చేతుల వంక చూసి, అచ్చమైన కడప యాసలో అడిగింది:

"పెట్టె తేలేదే?"

"తేల్యా నాయనా. ఊరికి పోతాండా. సుజాతకు కాన్పు."

"ఆయమ్మికి వాళ్ల పెద్దమ్మ ఉంది గదా. నాకెవరుండారు? ఈ బిడ్డకు నీళ్లు పోయాలంటే చేతులు వణుకుతాండాయి."

ఓబులమ్మ మంచం అంచున కూర్చుంది. తర్వాత నెమ్మదిగా అంది. "నీకు ఇరవై ఏండ్లకు పైన ఉన్న్యా. దానికి ఒగ కాన్పుకు పోనీ."

మర్యం గోడ వైపు తిరిగింది. అత్తగారు నా వంక చూసింది, నేను నేల వంక చూశాను. ఓబులమ్మ మాత్రం లేచి, వేణ్ణీళ్లు అడిగి తెచ్చుకుని, స్నానాలగదిలో కాళ్లు చాపుకుని కూర్చుంది. బిడ్డను పడుకోబెట్టుకుని నూనె రాస్తూ "ఇట్ల తల కింద చెయ్యి పెట్టల్ల. కండ్లల్లో నీళ్లు పడకుండా అరిచెయ్యి అడ్డం పెట్టల్ల" అని గోడకు చెబుతున్నట్టు చెప్పింది. చాలాసేపటికి మర్యం వచ్చి పక్కన కూలబడింది. తన కాళ్లూ చాపింది. ఓబులమ్మ సగం స్నానమైన బిడ్డను ఆ కాళ్ల మీదికి మార్చింది.

మధ్యాహ్నం భోజనమయ్యాక సలీం వచ్చి హారన్ కొట్టాడు. "పోతా నాయనా" అంది ఓబులమ్మ.

"పోతా అనగూడదు, పోయొస్తా అనల్ల అని నువ్వే గదా చెప్పినావు" అంది మర్యం.

ఓబులమ్మ బిడ్డ తల నిమిరి, గడప దాటింది. అప్పుడు వెనక్కి తిరిగి "పోయొస్తా" అంది. తిరుగుదారిలో టాక్సీలో ఖాబూరా ఊరు దాకా ఏడ్చి, "అబద్ధం చెప్తిని మా" అంది.

సుజాతకు ఆడపిల్ల పుట్టింది. ఓబులమ్మ అక్కడే ఉంది. ఈ మధ్య మర్యంతో ఫోన్లో మాట్లాడితే, బిడ్డను చూసుకోవడానికి గోదావరి జిల్లా నుంచి కొత్తగా ఒకావిడ వచ్చిందని చెప్పింది. ఆమెకు ఊళ్లో నాలుగేళ్ల కొడుకట. "నీళ్లు మాత్రం నేనే పోస్తాండా. ఆయమ్మిని ఏడాదికి ఒగసారి ఊరికి పంపల్లని మా ఆయనకు చెప్పినా" అంది. పంపుతారో లేదో నాకు తెలియదు. సాయంత్రాలు ఘుబ్రా వీధుల్లో వెలిగే వంటింటి దీపాల్ని చూస్తూ నడుస్తుంటే, ఆ వెలుగులో నిలబడ్డ మనిషి ఏ ఊళ్లో ఎవరిని వదిలి వచ్చిందోనన్న ఆలోచన కుదురుగా ఉండనివ్వడం లేదు.

మీరూ సహం వెళ్లాలనుకుంటే ఒక్క మాట. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ దుకాణాలు మూసేస్తారు, టాక్సీలు దొరకడం కష్టం. పొద్దున తీసుకెళ్లిన డ్రైవరుతోనే తిరుగు ప్రయాణానికి కూడా మాట్లాడుకోండి. ఇంత దూరం వెళ్లి కలిసిన మనిషి దగ్గర గడియారం చూసుకుంటూ కూర్చోవడం మంచిది కాదు.