దున్నదూడ వాటా

మా గేదె, దూడ కుడిస్తే గాని చేపదు. చేపడం అంటే పొదుగులోకి పాలు దిగడం. దూడ మూతితో నాలుగు కుమ్ములు కుమ్మాక గేదె కళ్లు సగం మూసి కదలకుండా నిలబడుతుంది. అప్పుడు నేను దూడని పలుపు పట్టి లాగి గుంజకి కడతాను. మా ఆవిడ తపేలా పట్టుకుని కూర్చుంటుంది. రిటైరైన దగ్గర్నుంచీ పొద్దున్నే నా మొదటి పని ఇదే. తర్వాత కాఫీ, ఆ తర్వాత డైరీ.

మా ఆవిడ మూడు రొమ్ములు పితికి, వెనకవైపు ఒకటి వదిలేస్తుంది. అది దూడ వాటా. ఆడదూడ, అంటే పెయ్య అయితే రేపు పాలిస్తుంది కాబట్టి ఎవరైనా వదులుతారు. ఈసారి పుట్టింది దున్న. చేలోకి ట్రాక్టరు వచ్చాక దున్నతో ఎవరికీ పని లేదు. తల్లి చేపడానికి సరిపడా ఊపిరితో ఉంచి, పాలు వట్టిపోయాక బేరగాడికి ఇచ్చేయడం మా వైపు మామూలు.

మా ఆవిడ అన్నగారిది మలికిపురంలో కొబ్బరికాయల వ్యాపారం. మా ఊరి మీదుగా వెళ్లినప్పుడల్లా కాఫీకి ఆగుతారు. ఒకరోజు సరిగ్గా పాలు పితికే వేళకి వచ్చి, వదిలేసిన రొమ్ము చూసి నవ్వేరు.

"ఏంటమ్మా, మేనల్లుడికి వాటా తీసిపెడుతున్నావా?"

"ఆయ్. మేనమామ పోలికేనంటున్నారు అందరూ," అంది మా ఆవిడ తలెత్తకుండా.

కాఫీ తాగుతూ, తవుడు పెట్టి అలవాటు చేస్తే దూడ లేకపోయినా గేదె చేపుతుందని, తెలిసిన బేరగాడు ఉన్నాడని, వారంలోపే పంపిస్తానని అన్నారు. ఎందుకండీ పాపం అన్నాను. దానికి ఆయన చాలా నెమ్మదిగా జవాబు చెప్పేరు.

"మనం గేదెకి చూడి కట్టే సూది వేయించకపోతే ఇది పుట్టేదా, బావగారూ? ఎండ చూసింది, తల్లి పాలు తాగింది, కాలవలో దొర్లింది. అదంతా మనం పెట్టిన భిక్షేగా. ఆ లెక్కన అదే మనకి రుణపడింది."

ఆయన కఠినుడు కాదు. రోడ్డు మీద కుక్క పిల్లలతో పడుకుంటే కారు ఆపి, దిగి, వాటిని పక్కకి అదిలించాకే వెళ్లే మనిషి. అందుకే ఆ మాట నన్ను వదల్లేదు. డైరీలో రాసుకుని, కింద నా జవాబు కోసం కాస్త జాగా వదిలాను. మా ఆవిడ మాత్రం బేరగాడి ఊసెత్తితే లేచి వెళ్లిపోయేది.

ఆ వారం తిరక్కుండానే గేదె ఎదకొచ్చింది. మేత ముట్టదు, ఒకటే అరుపు. ఈసారి సూది మానేద్దాం, దూడే పుట్టకపోతే ఎవర్నీ అమ్మక్కర్లేదుగా అన్నాను మా ఆవిడతో.

"అది అరిచేది మన కాఫీల కోసమనుకున్నారా?" అంది. పశువుల ఆసుపత్రికి ఫోన్ చేశాను.

సూది వేసే అబ్బాయి వచ్చేసరికి బావగారు కూడా వచ్చి ఉన్నారు, సాయంత్రం బేరగాడు వస్తున్నాడని చెప్పడానికి. మామూలు సూది వెయ్యమంటారా, పెయ్య సూదా అని అడిగేడు ఆ అబ్బాయి. పెయ్య సూది అయితే చాలావరకు ఆడదూడే పుడుతుందట. అదే వెయ్యమన్నాను.

బావగారికి భలే దొరికాను. "పుట్టించడం మేలైతే పుట్టనివ్వకపోవడం అన్యాయమేగా. ఎన్ని దున్నల ఉసురు పోసుకుంటున్నారో చూసుకోండి, బావగారూ."

ఆయన వేళాకోళానికే అన్నారు. నేను మాత్రం నిజంగానే పాక అంతా చూశాను. అన్యాయం జరిగిన ఆ దున్నలు ఎక్కడా లేవు. పుట్టనివాటికి మనం చేసిన చెడు లేదు. అలాంటప్పుడు పుట్టించి చేసిన ఉపకారం మాత్రం ఎవరికి? పుట్టాకే కదా అది ఒకటంటూ అయింది, అప్పట్నుంచే కదా మన లెక్క. ఆ పాకలో ఉన్న దున్న ఒక్కటే. పలుపు తెగేలా లాగుతూ తన రొమ్ము వైపు మెడ చాస్తోంది.

మా ఆవిడ దాని నుదురు గోకుతూ, "ఆ సూది పోయినసారే వేయించి ఉంటే వీడు ఉండేవాడు కాదు," అంది. చెవి వెనక మట్టి దులిపి, "ఉన్నాడుగా మరి," అంది.

బేరగాణ్ణి రావద్దని చెప్పండి బావగారూ, అన్నాను. ఆయన నా వంకా, చెల్లెలి వంకా చూసి ఫోన్ తీసేరు.

"ఆయ్, మేపుకోండి. రేపు కొమ్ము విసిరితే మాత్రం నన్ను పిలవకండి."

గేదె ఇప్పుడు చూడితో ఉంది, పాలు తగ్గిపోయాయి. దున్న ఇంకా రొమ్ము కోసం వెళ్తే తల్లి కాలు విసురుతుంది. వాడికి తవుడు కలిపిన కుడితి విడిగా పెడుతున్నాం. ఒక్కోసారి పెయ్య సూదికి కూడా దున్న పుడుతుందని ఆ అబ్బాయి ముందే చెప్పేడు. ఏది పుట్టినా కట్టడానికి, నిన్న పాకలో ఇంకో గుంజ పాతించాను.