సాకెట్ల అంజయ్య సార్, నేను దాచిన తప్పు

అంజయ్య సార్ ఇక లేరన్న వార్త మా పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో రెండు ముక్కల్లో వచ్చింది. గండిపేటలో మా ఇంటి ముందు కారు దిగుతూ చూసుకున్నాను. "సార్ పోయారు. గుండెపోటు." ఒక క్షణం ఏ సార్ అన్నది కూడా తట్టలేదు. తట్టాక మెట్ల మీదే కూలబడ్డాను. అంతకు ముందు వారమే ఆయనకు ఫోన్ చేయాలనుకున్నాను. అనుకోవడానికేం, ఏడాదిన్నరగా అనుకుంటూనే ఉన్నాను!

కీర్తిశేషులు అంజయ్య గారు చేవెళ్ల వాస్తవ్యులు. టెలిఫోన్ స్తంభాలెక్కే లైన్‌మన్‌గా జీవితం మొదలుపెట్టి, స్వయంకృషితో కంప్యూటర్ విద్యను అభ్యసించి, మొయినాబాద్‌లోని ఒక చిన్న కంపెనీలో మా అందరికీ పెద్దదిక్కుగా నిలిచిన విద్వన్మూర్తి. ఆయన పాండిత్యానికి పట్టాలు లేవు. మితభాషి అని రాస్తే ఆయన్ని ఎరిగినవాళ్లు నవ్వుతారు. తెల్ల చొక్కా చేతులు మడతపెట్టుకుని, చేతిలో సుద్దముక్కతో ఆఫీసు నేలంతా బాణాలు గీస్తూ, పొద్దున్నించి సాయంత్రం దాకా మాట్లాడుతూనే ఉండేవారు. గీసిన బాణం మీద కాలు పెడితే కేకలేసేవారు.

ఆ బాణాలు దేనికో చెప్పాలి. మా కంపెనీ పూల రైతుల కోల్డ్ రూములను దూరం నుంచి కనిపెట్టి చూసేది. గదిలో చలి తగ్గితే అక్కడి చిన్న పెట్టె మొయినాబాద్‌లోని మా కంప్యూటర్‌కు హెచ్చరిక పంపేది. అక్కణ్ణుంచి రైతు ఫోన్ మోగేది. అవతలి యంత్రం తీరికగా ఉందో లేదో చూసుకోకుండా సందేశం అప్పగించి తన పని తాను చేసుకునే వీలు కల్పించే, ఎవరో ముందే రాసిపెట్టిన సాఫ్ట్‌వేర్ లైబ్రరీ ఒకటి వాడేవాళ్లం. అందులో సందేశం బయలుదేరే ద్వారాన్ని సాకెట్ అంటారు. సాకెట్లలో రకాలున్నాయి, ఒక్కో రకానిది ఒక్కో స్వభావం. ఆ స్వభావాలను అంజయ్య గారు ఎరిగినంతగా ఎరిగినవారిని నేను ఇంతవరకు చూడలేదు. అందుకే ఆయన పేరు సాకెట్ల సార్.

నేను చేరిన మొదటి రోజు నన్ను కింద ఉన్న హోటల్‌కు తీసుకెళ్లారు. "చాయ్ అడుగు. అది వచ్చేదాంక ఇంకో మాట అడగొద్దు. నోరు తెరిస్తే ఫెయిల్" అన్నారు. అడిగాను. హోటలాయన ఎవరితోనో ముచ్చట్లో పడి మరిచిపోయాడు. అరగంట సేపు నోరు మూసుకుని కూర్చున్నాను. లోపల ఒళ్లు మండిపోతోంది, ఈయనకేమైనా పిచ్చా అని! సార్ అప్పుడు పకపకా నవ్వారు. "చూసినవా బిడ్డా? నువ్వు అడిగినవ్, ఆయన మర్సిండు. జవాబు వచ్చేదాంక కదలనని నువ్వేమో ఒట్టు పెట్టుకున్నవ్. అడిగే సాకెట్ గిట్లనే ఉంటది. దానికి గడువు పెట్టాలె. గడువు దాటితే లేచి మళ్ల అడగాలె. లేకుంటే నీ ప్రోగ్రాం గూడ గీ బల్ల మీదనే కూసుంటది." తర్వాత రెండు చాయ్‌లు తాగించారు. నాలుగేళ్లు కాలేజీలో చదివిన దానికన్నా ఆ అరగంట నాకు బాగా గుర్తుండిపోయింది.

సాటింపు సాకెట్ గురించి చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు మారేది. ఆ రకం సాకెట్ వచ్చిన ప్రతి సందేశాన్నీ అందరికీ వినబడేలా చాటుతుంది. ఆ క్షణంలో వింటున్నవాడికి అందుతుంది, లేనివాడికి అందదు, అందలేదని చాటినవాడికి తెలియదు. సార్ తండ్రి ఊరి కావలికారు, డప్పు కొట్టి సాటింపు వేసేవాడట. "సాటింపు అయినంక బాపు సక్కగ ఇంటికి రాకపోయేది. ఏ ఇంటికి తాళం ఉన్నదో యాది పెట్టుకునేటోడు. పొద్దుమీకి మళ్ల ఆ ఇండ్లకు పోయి చెప్పొచ్చేటోడు. ఎవరన్న వచ్చి 'ఏం సాటించినవ్' అని అడిగితే మొదటికెళ్లి మళ్ల చెప్పేటోడు, ఇసుక్కోకపోయేది. గీ సాకెట్ మా బాపుల సగమే బిడ్డా. కొట్టుకుంట పోతది, ఎనకకు తిరిగి చూడది. మిగిలిన సగం మనమే రాయాలె."

ఈ పాఠం నాకు అక్షరం పొల్లు పోకుండా తెలుసు. తెలిసి ఉండి చేశాను. అదే నన్ను ఇప్పుడు తినేస్తోంది.

చిన్న మంగళారంలో సత్తెమ్మ అవ్వ అనే గులాబీ రైతు, ఇరుగుపొరుగు మరో ముగ్గురు రైతులు కలిసి ఒక కోల్డ్ రూమ్ పెట్టుకున్నారు. దాని హెచ్చరికల కోసం సార్ స్వయంగా రాసిన ప్రోగ్రాంలో పంపకం సాకెట్ ఉండేది. తీసుకునేవాడు సిద్ధంగా లేకపోతే అది ఆగి ఎదురు చూస్తుంది, సందేశాన్ని పారేయదు. కొన్నాళ్లకు మా యజమాని, హెచ్చరికలు ఆఫీసులో పెద్ద తెర మీద కూడా కనబడాలన్నాడు. ఆ పని సార్ నాకిచ్చారు. తెరను రెండో గ్రహీతగా తగిలించాను. తగిలించగానే హెచ్చరికలు సగం ఫోన్‌కు, సగం తెరకు పోవడం మొదలైంది. మార్కెట్లో హమాలీలకు మూటలు ఎత్తినట్టు, పంపకం సాకెట్ ఒకటి ఒకరికి, తర్వాతిది ఇంకొకరికి ఇస్తుంది మరి. ఇద్దరికీ అన్నీ అందాలని, దాన్ని తీసేసి సాటింపు సాకెట్ పెట్టాను. అటూ ఇటూ ఒకటి రెండు మాటలు మారిస్తే సరిపోయింది. రెండు చోట్లా హెచ్చరికలు టకటకా వచ్చాయి. నా అంత తెలివైనది లేదనుకున్నాను.

సార్ చూశారు. "మంచిగనే ఉన్నది. గని తాళం ఉన్న ఇండ్ల సంగతేంది?" అన్నారు. వినేవాడు ఆలస్యంగా వస్తే, తప్పిపోయినవి అడిగి తెచ్చుకోవడానికి పక్కన ఇంకో సాకెట్ పెట్టాలన్నది ఆయన మాట. పెడతానన్నాను. "పెట్టినంకనే చిన్న మంగళారం పెట్టెకు పంపు" అన్నారు. రెండు రోజుల పని అది. మా పిన్ని కూతురి పెళ్లికి మర్నాడే భీమవరం వెళ్లాలి, నా మనసంతా అక్కడుంది. సాయంత్రం మెట్ల దగ్గర, హెల్మెట్ చేతిలో పట్టుకుని ఆగి అడిగారు. "పెట్టినవా బిడ్డా?"

"పెట్టాను సార్."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! ఎవరి పనినైనా తన కళ్లతో చూడనిదే వదలని మనిషి, ఆ రోజు తలూపి వెళ్లిపోయారు. నా మాట చాలనుకున్నారు. నేను పాత ప్రోగ్రాం మీద కొత్తది వేసి చిన్న మంగళారం పెట్టెకు పంపేసి పెళ్లికి పోయాను. తిరిగొచ్చాక పెడదామనుకున్నాను. ఏ ఇబ్బందీ రాకపోయేసరికి మరిచిపోయాను.

పెళ్లిళ్ల సీజన్ ముందు ఒక శనివారం మధ్యాహ్నం గాలివాన వచ్చింది. అటు చిన్న మంగళారంలో, ఇటు మొయినాబాద్‌లో కరెంటు పోయి మళ్లీ వచ్చింది. కోల్డ్ రూమ్ యంత్రం మాత్రం తిరగలేదు. పెట్టె తన ధర్మం ప్రకారం ఒక్కసారి హెచ్చరిక చాటింది. మా ఆఫీసు కంప్యూటర్ అప్పటికింకా లేవలేదు. అది లేచి చెవి ఒగ్గేసరికి సాటింపు అయిపోయింది. ఏం తప్పిపోయిందని అడగడానికి దానికి దారి లేదు, నేను పెట్టలేదు గనక. ఫోన్ మోగలేదు గదా అని ఆదివారం ఎవరూ గది తెరవలేదు. సోమవారం పొద్దున్న సత్తెమ్మ అవ్వ తలుపు తీసేసరికి లోపల గులాబీలన్నీ నల్లబడి ఉన్నాయి.

ఆ ఉదయం గది ముందు నలుగురు రైతులు, మా యజమాని, సార్, నేను నిలబడ్డాం. కుళ్లిన పూల వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. సత్తెమ్మ అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. "ఎవరు చేసిన పని ఇది?" అని యజమాని అరిచాడు. సార్ ఒక్క అడుగు ముందుకేశారు. "ప్రోగ్రాం నాది. నేను చూసుకోవాల్సింది, చూసుకోలే. జిమ్మా నాదే" అన్నారు. నా వైపు చూడలేదు. ప్రోగ్రాంలో ఎవరేం మార్చారన్నది పేరుతో సహా నమోదై ఉంటుంది. అది చూడకుండా ఆయన ఇంట్లోంచి కదిలే మనిషి కాదు. అన్నీ తెలిసే ఆ మాట అన్నారు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. నోరు పెగల్లేదు. ఛీ, పెగల్లేదేమిటి, నేనే తెరవలేదు.

ఆ నెలలోనే సార్‌ను ఉద్యోగం మాన్పించారు. మంగళారం రైతుల్లో ఆయన పేరు పాడైపోయింది. చేవెళ్లలో చిన్న గది కిరాయికి తీసుకుని పిల్లలకు పాఠాలు చెప్పుకున్నారు. నేను పట్నంలో పెద్ద ఆఫీసుకు మారాను. సాకెట్ల మీద నాకున్న పట్టు చూసి వాళ్లు ముచ్చటపడి తీసుకున్నారు. ఆ పట్టు ఎవరిచ్చిందో వాళ్లకు చెప్పలేదు.

ఒక్కసారి మాత్రం ఎదురుపడ్డారు. చేవెళ్ల బస్టాండు దగ్గర కారాపి జామకాయలు కొంటున్నాను. "అరే, మా బిడ్డ!" అంటూ ఆయనే వచ్చారు. బాగా చిక్కిపోయారు. ఇప్పుడు ఏ సాకెట్లు వాడుతున్నావు, గడువులు పెడుతున్నావా లేదా అని అడిగారు. కాయ కోయించి, ఉప్పూకారం చల్లించి నా చేతిలో పెట్టారు. నేను తింటుంటే, "నాకేమన్న చెప్పేదున్నదా బిడ్డా?" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. "ఏం లేదు సార్" అన్నాను. "సరే, పైలం" అని బస్సు వైపు వెళ్లారు. అదే కడసారి చూపు.

సార్ దినాలకు చేవెళ్ల వెళ్లాను. వాకిట్లో టెంటు కింద సత్తెమ్మ అవ్వ కనబడింది. వచ్చిందే అనుకుని సంతోషించాను. ఇంతలో పక్కావిడతో అంటోంది, "మనిషి మంచోడే పాపం. గని ఆయన అజాగ్రత్త తోని నా పూలన్ని కుళ్లిపాయె. అది మాత్రం మర్వలేను." విస్తళ్లు వేస్తున్న సార్ కూతురు కవిత ఆ మాట విని తల దించుకుంది. తండ్రి ఫోటో ముందే, తన ఇంట్లోనే, ఆ పిల్ల తల దించుకుంది. ఇక తట్టుకోలేకపోయాను.

"అవ్వా, ఆ తప్పు సార్‌ది కాదు. నాది" అన్నాను. అందరూ తిరిగి చూశారు. ఆయన పెట్టమన్నది నేను పెట్టలేదని, పెట్టానని అబద్ధం చెప్పానని, గది ముందు ఆయన నింద మోస్తుంటే ఊరుకున్నానని, మొత్తం చెప్పేశాను. కవిత చేతిలో విస్తళ్లు అలాగే ఉండిపోయాయి. "బాపుకు ఎరికేనా అక్కా?" అంది. ఎరుకేనన్నాను. ఆ పిల్ల లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

సత్తెమ్మ అవ్వ తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఆయన రెండుసార్లు మా ఇంటికొచ్చిండు బిడ్డా. నా మీద కోపం పెట్టుకోకు సత్తెమ్మా అనుకుంట ఎండల వాకిట్ల నిలబడ్డడు. నేను లోపట ఉండి గూడ లేనని చెప్పిచ్చిన. కూసో అని ఒక్క మాట అనలే. గిప్పుడు చెప్తున్నవా నువ్వు? గిప్పుడు నేను ఎవరికి కుర్సీ ఎయ్యాలె?"

నా మౌనం సార్ ఉద్యోగాన్నీ, పేరునూ మింగింది. ఆమె చేత కూడా తీరని తప్పు చేయించింది. ఆ నిష్కల్మషుడి కీర్తికి అంటిన మచ్చ నా చేతిదని, ఆయన్ని ఎరిగినవారందరి ముందు ఇక్కడ ఒప్పుకుంటున్నాను. అటువంటి గురువు మళ్లీ లభించడు, లభించమని కోరుకునే అర్హత కూడా నాకు లేదు. అంజయ్య గారి దివ్యస్మృతికి సాష్టాంగపడి నమస్కరిస్తున్నాను. జామకాయ చేతిలో పెట్టి అడిగిన రోజున ఈ మాట చెప్పి ఉంటే నన్ను క్షమించేవారో, చెంప పగలగొట్టేవారో తెలిసేది. అది ఇక ఎప్పటికీ తెలియదు.