మా చిన్నకోడలు బోర్డు దించిన వైనం

మా చిన్నకోడలి చేతికి లొంగని మరక లేదు. సిరా, నూనె, తుప్పు, ఏదైనా సరే, బట్టను వెలుతురుకు పట్టి చూసి దాని మందు చెప్పేస్తుంది. నేను రెండో తరగతితో బడి మానేసినదాన్ని. మనుషుల్ని చూస్తే నాకు లెక్క తెలుస్తుంది, మరకల్ని చూస్తే దానికి తెలుస్తుంది.

అలాంటి మనిషి పోయి పోయి ఒక పెద్ద లాండ్రీ కంపెనీకి బ్రాంచి తీసుకుంది. బోర్డు వాళ్లది, సంచులు వాళ్లవి, రేట్లు వాళ్లవి. అద్దె, కరెంటు బిల్లు, నడుంనొప్పి మాత్రం మనవి. తీసుకున్న బట్టలు ఫ్యాక్టరీకి పంపాలి, వచ్చినవి జనానికి ఇవ్వాలి, నెలనెలా కంపెనీకి వాటా కట్టాలి. ఐదేళ్ల ఒప్పందం. బ్రాంచి వాళ్లు బట్ట తడపకూడదని అందులో గట్టిగానే రాశారు.

ఫ్యాక్టరీ నుంచి బట్టలు సగం మరకలతోనే తిరిగొచ్చేవి. ఇది ఊరుకుంటుందా? ఇంటికి తెచ్చి, మళ్లీ ఉతికి, ఇస్త్రీ చేసి ఇచ్చేది. సొమ్మొకడిది, సోకొకడిది. మూడేళ్లకు విసిగిపోయి, బ్రాంచి మానేసి అదే గదిలో సొంత షాపు పెట్టుకుంటానంది. కంపెనీ తరఫున వచ్చే అబ్బాయికి మెడలో టై తప్ప మొహంలో కళ లేదు. టైబాబు అని పేరు పెట్టాను. మధ్యలో మానేస్తే మిగిలిన రెండేళ్ల వాటా ఒక్కసారే కట్టాలని అతను నవ్వుతూనే చెప్పాడు. అది కడితే సొంత షాపుకని దాచిన సొమ్మంతా ఊడ్చుకుపోతుంది.

తాళం వేసి తప్పుకుందామన్నాడు మావాడు. సంతకం పెట్టి పారిపోవడం మా ఇంటావంటా లేదన్నాను నేను. కోడలు ఒప్పందం కాగితాలు తీసి మొదటి నుంచీ చదువుకుంది.

మర్నాటి నుంచి ఒప్పందాన్ని పొల్లుపోకుండా పాటించడం మొదలుపెట్టింది. మరకతో వచ్చిన చొక్కాను మరకతోనే ఇచ్చేది. ఉతికేది వాళ్లు కాబట్టి వాళ్లనే అడగమని కంపెనీ ఫోన్ నంబరు చూపించేది. వీధి చివరి లాయరు కోటు మీది కాఫీ మరక రెండుసార్లు ఫ్యాక్టరీకి వెళ్లి రెండుసార్లూ క్షేమంగా తిరిగొచ్చింది. ఆయన ఊరుకునే రకం కాదు.

నెల తిరక్కుండానే టైబాబు చెమటలు కక్కుతూ వచ్చాడు.

"ఇన్నేళ్లూ మీ బ్రాంచి మీద ఒక్క కంప్లయింటు లేదమ్మా. ఇప్పుడు రోజూ ఇదే గోల. ఏం చేశారు?"

"చేసేది మానేశాను బాబూ. మీ కాగితంలో ఉన్నట్టే."

మునుపటిలాగే సర్దుకోమని బతిమాలాడు. ఉతకొచ్చని రాసిచ్చి, కూలి కట్టివ్వమంది కోడలు. అది తన చేతుల్లో లేదన్నాడు. అయితే వదిలేయమంది. మళ్లీ రెండేళ్ల వాటా పాట ఎత్తుకున్నాడు. ఇక నా నోరు ఆగలేదు.

"ఇంకో రెండేళ్లు ఇలాగే నడుపుతుందిలే నాయనా. దాని ఒంట్లో బాగానే ఉంది. నీ ఒళ్లే చూసుకో."

పై వాళ్లతో మాట్లాడి మళ్లీ వచ్చాడు. ఇరుపక్షాల ఇష్టంతో ఒప్పందం రద్దు, వాటా అక్కర్లేదు. కాకపోతే ఆ గదిలో ఏడాదిపాటు లాండ్రీ పెట్టకూడదు. మావాడి మొహం వాడిపోయింది.

"చిరిగిన బట్టలు కుట్టొచ్చా?" అని అడిగింది కోడలు.

టైబాబు కాగితాలు తిరగేశాడు. కుట్టకూడదని ఎక్కడా లేదు. కోడలు అక్కడికక్కడే సంతకం పెట్టింది.

బోర్డు దించడానికి మనిషిని పిలుస్తానని మావాడు ఫోన్ తీసేలోపే స్టూలెక్కేసింది. నేను కింద పట్టుకున్నాను. బోర్డు ఊడి చేతికొచ్చాక, వెనకాల గోడ మీద బోర్డు మేర మిగిలిన మరకను చూసి, ముందు దీనికి రంగు వేయించాలి అత్తయ్యా అంది.