నాన్న కెమెరాను కోయించిన సంగతి

మా నాన్న కళ్ళలో శుక్లాలు ముదిరిన ఏడాది వనపర్తిలోని మా ఫోటో స్టూడియో నా చేతికి వచ్చింది. అప్పటికి నా డిగ్రీ అయిపోయి రెండేళ్ళయింది. చిన్నప్పటి నుంచి డార్క్‌రూములోనే తిరిగినదాన్ని కాబట్టి పని కొత్త కాదు. చిక్కల్లా వచ్చినవాళ్ళంతా "కంప్యూటర్ ఫోటో తీస్తరా?" అని అడగడంతో వచ్చింది. మేము రీళ్ళను మహబూబ్‌నగర్ బస్సులో పంపితే అక్కడి ల్యాబువాళ్ళు కడిగి మూడో రోజుకు పంపేవాళ్ళు. వాళ్ళు కూడా ఇక పంపవద్దని కబురు చేశారు.

నా దగ్గర అరచేతిలో ఇమిడే చిన్న డిజిటల్ కెమెరా ఒకటి ఉండేది. ఎవరో పిల్లాడి పుట్టినరోజున అది చేతిలోంచి జారి బండల మీద పడింది. బయటికి వచ్చిన లెన్సు వంకరగా బిగుసుకుపోయింది. దాన్ని సంచిలో వేసుకుని, పెబ్బేరులో బస్సు మారి, కృష్ణ దాటి గద్వాల వెళ్ళాను. అక్కడ కోట పక్క సందులో ఒక పెద్దాయన కెమెరాలు, గడియారాలు, టేప్‌రికార్డర్లు బాగుచేసేవాడు. నాన్నకు పాత స్నేహితుడు. నేను చాచా అని పిలిచేదాన్ని.

చాచా దాన్ని విప్పి, కంటికి భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"లెన్సు పని ఖతం బిడ్డా. చక్రాల పండ్లు ఇరిగినయి. గానీ లోపల కన్ను మంచిగనే ఉంది."

రీలుకు బదులు బొమ్మను పట్టే చిన్న బిళ్ళను ఆయన కన్ను అనేవాడు. అది నా చిటికెన వేలి గోరంత కూడా లేదు.

"మీ నాయిన కాడ పెద్ద కెమెరా ఉంది గద. దానికి లెన్సు ఉంది, రీలు దొరుకుతలేదు. దీనికి కన్ను ఉంది, లెన్సు లేదు. రెండిటికి లగ్గం చేద్దాం."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"లోపల జర కొయ్యాలె. కోసినంక మళ్ల రీలు ఎక్కది. ఇంట్ల అడిగి రా."

ఆ కెమెరాను నాన్న తన పెళ్ళికి ముందు హైదరాబాదులో కొన్నాడు. ఇంట్లో ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. నాకు ఇచ్చింది కూడా చూపు మసకబారాకే. ఆ సాయంత్రం అన్నం తింటున్నప్పుడు సంగతి చెప్పాను. ఆయన ముద్ద కలుపుతూ ఒకటే అడిగాడు.

"రీలు ఇంకెన్ని దినాలు దొరుకుతది?"

"ఇప్పుడే దొరుకుతలేదు నాయినా."

"అయితే ఇంక పెట్టెల పెట్టి తాళం ఏసుడే గద. కోయించు. నేను గూడ వస్త."

వచ్చాడు కూడా. చాచా, నాన్న చేతులు పట్టుకుని కాసేపు మాట్లాడుకున్నారు. కానీ చాచా కెమెరాను బల్లకు బిగించి ఆకురాయి అందుకోగానే నాన్న లేచి, "చాయ్ తాగొస్త" అని బయటికి వెళ్ళిపోయాడు. ఇనుము గీసే చప్పుడు ఆగిన తర్వాత గానీ తిరిగి రాలేదు. వచ్చాక, కోసిన చోట వేలితో తడిమి చూసి, "సాఫ్‌గ కోసినవ్" అన్నాడు. అంతే.

పని ఒక్క రోజులో కాలేదు. నెలన్నరలో నాలుగుసార్లు గద్వాల వెళ్ళాను. రీలు ఉండే చోట ఆ బిళ్ళను నిలబెట్టి, వెనక తలుపుకు కిటికీ కోసి దాని చిన్న తెరను అందులో అమర్చాడు. మిగతా సరంజామా అంతా అడుగున ఒక రేకు డబ్బాలో పెట్టాడు. విరిగిన లెన్సు తాలూకు మోటారును కూడా పారేయలేదు. అది తిరగకపోతే డిజిటల్ కెమెరా మేలుకోదట. అందుకని స్విచ్ వేసినప్పుడల్లా డబ్బాలో అది ఉత్తినే కీచుమనేది.

మొదట తీసిన బొమ్మలు మంచులో తీసినట్టు వచ్చాయి. బిళ్ళ వెనక పోస్టుకార్డు ముక్కలు ఒక్కొక్కటే దూర్చి, తీసి, మళ్ళీ దూర్చి సరిచేశాడు. ఆ తర్వాత దుకాణంలో మేకుకు వేలాడుతున్న వాళ్ళావిడ నల్ల బురఖాను ఫోటో తీసి చూస్తే తెర మీద అది ఇటుకరంగులో ఉంది.

"యా అల్లా! మా ఇంటామె చూస్తే నన్ను దుకాణంల ఉండనియ్యది" అని చాచా పగలబడి నవ్వాడు. తర్వాత తల గోక్కుని బల్లంతా వెతికాడు. విప్పేటప్పుడు పక్కన పెట్టిన నీలిరంగు గాజు పలుకు ఒకటి దొరికింది. దాన్ని బిళ్ళ ముందు అతికిస్తే నలుపు నలుపుగానే వచ్చింది.

ఫోటో తీసే పద్ధతి కూడా మారిపోయింది. ముందు మామూలుగా చూసి సరిచేసుకోవాలి. ఒక తీగ నొక్కి బిగిస్తే కెమెరా లోపలి తలుపు తెరుచుకునే ఉంటుంది. అప్పుడు కంటికి ఏమీ కనబడదు. ఆ స్థితిలోనే అడుగు డబ్బాకున్న మీట నొక్కాలి. మూడు లెక్కపెట్టేదాకా ఎదుటివాళ్ళు కదలకూడదు. ఇంకో సంగతి, బిళ్ళ చిన్నది కాబట్టి మనం చూసేదాంట్లో నడిమి ముక్క మాత్రమే బొమ్మలోకి వస్తుంది. అదెంతో తెలిసేలా చాచా లోపలి అద్దం మీద పెన్సిల్‌తో చిన్న చతురస్రం గీశాడు.

"కావాలంటె జర ఎనుకకు జరుగు" అన్నాడు. నేను సరేనన్నాను.

అప్పుడే తెలకపల్లిలో ఒక రైతు ఇంటి నుంచి పెళ్ళి పిలుపు వచ్చింది. ఫోటోలు సీడీలో కావాలన్నారు. నాన్న చెప్పాడు, చిన్న రీలు కెమెరా ఒకటి, మిగిలిన ఒక్క రీలు ఉన్నాయి, అవి కూడా పట్టుకుపొమ్మని. నేను పట్టుకుపోలేదు. కొత్త గర్వం.

పందిరి కిందకు పోయాక నా తెలివి తెల్లారింది. వధూవరులిద్దరూ పెన్సిల్ గీతల్లో ఇమడాలంటే నేను అరవై డెబ్బై అడుగులు వెనక్కి జరగాలి. వెనక పదిహేను అడుగులకే గోడ, మధ్యలో చుట్టాలు. పుస్తె కట్టేటప్పుడు పెళ్ళికొడుకు చెవి ఒక్కటే దొరికింది. పుస్తె కట్టేటప్పుడు పెళ్ళికొడుకు చెవి ఒక్కటే దొరికింది. ఎవరికీ ఏమీ చెప్పకుండా, దొరికిన ముఖాలన్నీ తీస్తూ పోయాను.

వారం తర్వాత సీడీ నేనే తీసుకెళ్ళాను. ఎవరితోనైనా పంపించి ఊరుకోవచ్చు గానీ మనసొప్పలేదు. వాళ్ళు టీవీకి సీడీ ప్లేయర్ తగిలించి ఇంటిల్లిపాదీ కూర్చున్నారు. ఒక ముఖం, మరో ముఖం, ఇంకో ముఖం. పెళ్ళికూతురి తండ్రి నా వైపు తిరిగాడు.

"అన్ని మొకాలే ఉన్నయి గదమ్మా. లగ్గం యాడ వోయింది?"

"తప్పు నాదే పెద్దనాయినా. ఈ కెమెరల నడిమి ముక్కనే పడ్తది. తెలిసి గూడ దీన్నొక్కదాన్నే తెచ్చిన."

"మళ్ల లగ్గం చేస్తమా ఏంది?"

తల వంచుకుని కూర్చున్నాను. ఇంతలో తెర మీదికి పెళ్ళికూతురి నాయనమ్మ వచ్చింది. పెళ్ళినాడు ఆమె పందిరి అవతల, గుంజకు ఆనుకుని ఎటో చూస్తూ కూర్చుంది. నేను తీస్తున్నట్టు ఆమెకు తెలియదు.

"ఆపుండ్రి జర" అంది ఆ ముసలామె. లేచి టీవీ దగ్గరికి వెళ్ళింది. "గామె నేనేనా?"

"నువ్వే నాయనమ్మా" అంది పెళ్ళికూతురు.

"మా అమ్మ గిట్లనే ఉండె. నాకు గామె మొకమే వచ్చిందని ఎవ్వలు జెప్పకపోయిరి."

ఆ ఒక్క ఫోటోను కాగితం మీద పెద్దదిగా వేయించి ఇమ్మని అడిగింది. ఆమెను చూసి ఇంకో ఏడెనిమిది మంది తమవీ అడిగారు. పెళ్ళికూతురి తండ్రి కోపం మాత్రం తగ్గలేదు. అది న్యాయమే. ఆ ఇంటి నుంచి మళ్ళీ నాకు పిలుపు రాలేదు.

ఇంటికి వచ్చి నాన్నకు అంతా చెప్పాను. రీలు కెమెరా సంగతి ఎత్తి తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ఆ ముసలామె ఎంత దూరంలో కూర్చుంది, ఎటు వెలుగు, ఎన్ని లెక్కపెట్టావు అని అడిగాడు. మర్నాడు పొద్దున స్టూడియోలో కుర్చీని పరదాకు ఆనించి, అక్కడి నుంచి అడుగులు వేసుకుంటూ బయటి అరుగు దాకా వచ్చాడు.

"పదమూడు అడుగులు. గిది లగ్గాలకు పనికిరాదు బిడ్డా. మొకాలకు పనికొస్తది. గీడ నిలబెట్టు."

అలా మా స్టూడియోలో మనిషి లోపల, కెమెరా బయట అయింది. పింఛను కోసం, రేషన్ కార్డు కోసం ఫోటో దిగడానికి వచ్చే ముసలివాళ్ళు కెమెరా దగ్గరగా ఉంటే బిగుసుకుపోయేవాళ్ళు. ఇప్పుడది అంత దూరాన ఉండేసరికి ఊపిరి పీల్చుకుని కూర్చునేవాళ్ళు. నాన్న వాళ్ళ పక్కనే స్టూలు వేసుకుని వానల గురించో పల్లీ పంట గురించో మాట్లాడేవాడు. నేను అరుగు మీద నుంచి "మూడు" అనేదాన్ని. నడుమ ఎవరైనా సైకిల్ ఆపి, అరుగెక్కి అడ్డంగా నిలబడితే మళ్ళీ మొదటి నుంచి మొదలు. రెండేళ్ళలో వనపర్తి చుట్టుపక్కల ఎంతమంది ముఖాలు తీశానో నాకు లెక్క తెలియదు.

నాగర్‌కర్నూలు దవాఖానలో నాన్నకు కళ్ళ ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక ఆయన చేసిన మొదటి పని కంప్యూటర్ ముందు కూర్చుని నా ఫోటోలన్నీ చూడడం. సగం చూసి, "కండ్లకన్న చెవులు సాఫ్‌గ ఉన్నయి గదనే. గిన్ని దినాలు గిట్లనే ఇచ్చినవా?" అన్నాడు. నిజమే. రెండేళ్ళూ నాకు తెలియలేదు. గద్వాల వెళ్తే చాచా ఒక కార్డు ముక్క తీసేశాడు. సరిపోయింది.

ఆ తర్వాతి వానాకాలం బిళ్ళకు చెమ్మ పట్టి కెమెరా పూర్తిగా ఆగిపోయింది. చాచా రెండు రోజులు దగ్గర పెట్టుకుని చూశాడు. అలాంటి బిళ్ళ వేరొకటి దొరకలేదు. "చానా పని చేసింది. ఇంక పరేషాన్ చెయ్యకు దాన్ని" అని ఒక గుడ్డలో చుట్టి ఇచ్చాడు. ఆ చలికాలమే మేము అసలైన డిజిటల్ కెమెరా కొన్నాం. దానితో నేను తీసిన మొదటి పెళ్ళి అమ్రాబాద్‌లో. నాన్న కూడా వచ్చాడు. బస్సు దిగింది మొదలు పందిరి దాకా కెమెరా సంచి తనే మోశాడు.